ఖాళీ కిలోల మనిషి

ముందే ఒప్పుకుంటున్నాను: నేను పెంచి రాస్తాను. పిల్లి కనబడితే చిరుతపులి అని రాస్తాను. మా ఆవిడ నా మాటల్లోంచి సగం కొట్టేసి, మిగిలిన సగాన్ని పక్కింటావిడ దగ్గర సరిచూసుకున్నాకే నమ్ముతుంది. కానీ నాకూ ఒక నీతి ఉంది. పెంచుతానే గానీ పుట్టించను. ఉన్న పిల్లినే చిరుతను చేస్తాను, లేని పిల్లిని తీసుకురాను.

పోయిన నెల మార్తమ్మ ఫోన్ చేసింది. కోనసీమ మనిషి. కువైట్‌లో మిష్రిఫ్ అనే కలవారి పేటలో, ఒక విల్లాలో పదమూడేళ్ళు ఇంటిపని చేసి, ఇప్పుడు ఊరొచ్చేసి కూతురి దగ్గర ఉంటోంది.

"అన్నయ్యగారూ, డ్రైవరన్నయ్య పోయేరంటండి. రాయచోటి నించి వాళ్ళబ్బాయి చెప్పేడు. పదింటికి గ్లాసు పట్టుకుని కుర్చీలో కూచున్నానండి, అప్పుడే ఫోను మోగింది."

ఆ తర్వాత ఆవిడ ఇంకో సంగతి కూడా చెప్పింది. ఫోన్ పెట్టేసి, ఎందుకో తెలీదు, అటక ఎక్కి నా పాత సూట్‌కేసు దింపాను. జిప్పులో గోరు పెట్టి లాగితే మట్టిరంగు పిండి రాలింది. రాగిపిండి. నేను కువైట్ వదిలి ఇన్నేళ్ళయింది, మనిషి పోయాడు, ఆయన పిండి మాత్రం నన్ను వదల్లేదు. న్యాయంగా అప్పుడు నాకు ఏడుపు రావాలి. చిరాకొచ్చింది. ఆయన పేరు తలుచుకుంటే నాకు ముందు వచ్చేది ఎప్పుడూ చిరాకే.

మొదటిసారి చూసిన రోజూ అంతే. నేను అప్పుడు కువైట్‌లోనే అహ్మది అనే ఊళ్ళో ఒక కాంట్రాక్టరు దగ్గర స్టోర్ కీపర్ని. ఉండేది ఖైతాన్ అనే పేటలో, ఆరుగురం ఒక గదిలో. ఊపిరి పీల్చుకోవాలంటే వంతులు వేసుకునేవాళ్ళం. సెలవు ముగించుకుని ఒక శుక్రవారం మధ్యాహ్నం ఊరి నుంచి దిగాను. గుమ్మంలో సామాను కూడా దించలేదు. ఎవరో పొడుగాటి మనిషి లోపల్నుంచి వచ్చాడు. చొక్కా జేబులోంచి కొక్కెం ఉన్న స్ప్రింగు త్రాసు తీశాడు. నమస్కారం లేదు, నువ్వెవరని లేదు. నా సూట్‌కేసు హ్యాండిల్‌కి కొక్కెం తగిలించి, ఒంటిచేత్తో పైకి లేపి, కళ్ళు చికిలించి చదివాడు.

"ఇరవై ఏడున్నర. ముప్పై దాకా తెచ్చుకోవచ్చు గదప్పా. అంత దూరం నుండి రెండున్నర కిలోలు గాలి మోసుకోనొచ్చినావే!"

ఆ గొంతులో ఎంత బాధ అనుకున్నారు! ఇంట్లో ఎవరో పోయినట్టు నేను తల దించుకున్నాను.

ఆయన మిష్రిఫ్‌లో మార్తమ్మ పని చేసే విల్లాకే డ్రైవరు. శుక్రవారం పూట మా గదికి వచ్చేవాడు, మా గదిలో ఆయన ఊరివాడు ఒకడున్నాడు కాబట్టి. ఇతరులు జేబులో పెన్ను పెట్టుకుంటారు, దువ్వెన పెట్టుకుంటారు. ఈయన త్రాసు. ఆ కొక్కెం ధాటికి ఆయన చొక్కాలన్నిటికీ ఎడమ జేబు కింద ఒకే చోట చిరుగు. ఎవరైనా ఊరెళ్తున్నారని తెలిస్తే చాలు, "తల్లి ఎట్లుండాది, పిల్లలు ఎట్లుండారు" అని అడిగేవాడు కాదు. "వచ్చేటప్పుడు ఎన్ని కిలోలు ఖాళీ?" అనేవాడు. ఒకసారి ఒక కుర్రాడు తండ్రి పోయాడని ఏడుస్తూ విమానం ఎక్కబోతుంటే, ఆయన భుజం నిమిరి, తనూ కళ్ళు తుడుచుకుని, చివర్లో మెల్లిగా, "పాపం, తొందరలో సామాను ఎక్కువ తీసుకోని పోలే గదా... రావడం కూడా ఖాళీగానే వస్తావేమో" అన్నాడు. నాకు గోడకి తల కొట్టుకోవాలనిపించింది. ఆ కుర్రాడు పదకొండో రోజు ఐదు కిలోలతో దిగాడు.

ఆ ఖాళీ కిలోలన్నీ దేనికంటే, వాళ్ళ ఊరి రాగిపిండికి. గల్ఫ్‌కి వచ్చిన మనవాళ్ళు ఊరి నుంచి వచ్చేవాళ్ళ చేత పచ్చళ్ళూ మందులూ తెప్పించుకోవడం మామూలే. ఈయన ఆ అలవాటు మెడకి పలుపుతాడు కట్టి వ్యాపారం అనే బండికి పూన్చాడు. వాళ్ళ ఊళ్ళో తొమ్మిదిమంది ఆడవాళ్ళు, తలా ఎకరం అరెకరం ఉన్నవాళ్ళు, కొనేవాడు లేక రాగి వేయడం మానేశారట. ఇక్కడేమో మన డ్రైవర్లూ ఇంటిపనివాళ్ళూ మిగిలిపోయిన అన్నమూ, ఖుబ్జు అనే రొట్టే తిని ఒంట్లో శక్తి లేకుండా, షుగర్లు తెచ్చుకుని తిరుగుతున్నారు. అక్కడ పండించాలి, అక్కడి చిన్నమిల్లు ఆడించాలి, వచ్చేవాళ్ళు మోసుకురావాలి, ఇక్కడివాళ్ళు కొని తినాలి.

ఒక శుక్రవారం కంచంలో సంగటి ముద్దని వేలితో నాలుగు చేసి చూపించాడు.

"ఇదో, పండించేటోళ్ళు. ఇదో, ఆడించేటోడు. ఇది మోసేటోళ్ళు. ఇది తినేటోళ్ళు. నలుగురూ లోపలే ఉండల్ల. ఒగరు బయట ఉన్నా అది యాపారం గాదప్పా, దోపిడీ."

"మరి ఇందులో నేనెక్కడన్నా?"

"నీ మంచం కింద కాలీగా ఉండాది గదా, దాంట్లో!"

ఆ పూట నుంచి నా మంచం కింద గోదాము అయింది. విల్లాలో ఆయనకిచ్చిన గదిలో మూటలు పెట్టొద్దని అక్కడి ఇల్లాలు చెప్పింది కాబట్టి, నాకు శిక్ష పడింది. నా మంచం నేల మీంచి లేచి సీలింగ్ ఫ్యాను వైపు ప్రయాణం కట్టింది. అర్ధరూపాయి మందం పిండి నా బూట్లలో, దిండులో, పాస్‌పోర్టు పేజీల మధ్యలో. నేను తుమ్మితే గదిలో మబ్బు పట్టేది.

ఈ మధ్య ఊళ్ళో ఏదో హోటల్లో సదస్సంటే, భోజనం బాగుంటుందని వెళ్ళాను. కోటు వేసుకున్న ఒకాయన తెర మీద నాలుగు సున్నాలు గీసి, పేద దేశాల్లో పంట, పోషణ, ఆరోగ్యం మూడింటినీ కలిపి, పేదల్ని కూడా భాగస్తుల్ని చేసే వ్యాపారం గురించి గంటన్నర చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నడుం పట్టుకున్నాను. ఆయన గీసిన సున్నాల్లో మంచం కింద సున్నా ఎక్కడా లేదు.

ఇంకో చిత్రహింస ఉంది. ప్రతి పొట్లం మీదా పండించినావిడ పేరు రాసుండేది. గంగులమ్మ, నాగమ్మ, ఓబులమ్మ. తిన్నవాడు ఎలా ఉందో చెప్పకుండా ఊరుకోవడానికి వీల్లేదు. ఆయనకి చెబితే సరిపోదు. పండించినావిడకే చెప్పాలి. ఒకరోజు నేను నోరు జారి, "పళ్ళ కింద ఇసక తగిలిందన్నా" అన్నాను. వెంటనే ఫోన్ కార్డు గీకి, నెంబర్లు నొక్కి, రిసీవరు నా చెవికి ఆనించాడు. "చెప్పు. గంగులమ్మ లైన్లో ఉండాది."

"అమ్మా... కొంచెం ఇసక..." అని నసిగాను.

"ఇసకా? ఏ పొట్లం నాయనా? ఎంత తగిల్నాది? సన్నదా, బరక ఇసకా?"

జన్మలో ఇసక గురించి అన్ని ప్రశ్నలకి నేను జవాబు చెప్పలేదు. తర్వాత ఆవిడ నాకు పెళ్ళయిందా, పిల్లలెందరు, పళ్ళు గట్టిగానే ఉన్నాయా అని విచారించింది. పళ్ళ దగ్గర కార్డు అయిపోయింది. రెండు నెలల తర్వాత వచ్చిన పొట్లం మీద గంగులమ్మ పేరు కింద ఇంకో వరస ఉంది: "ఇసకాయనకు. మూడుతూర్లు చెరిగినా." ఖైతాన్‌లో నేనున్నంత కాలం నా పేరు ఇసకాయనే. అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు మీద తప్ప ఇంకెక్కడా నా అసలు పేరు మిగల్లేదు.

ఇక మార్తమ్మ. ఆవిడకి తెల్లారి ఐదింటికి మొదలైన పని మధ్యాహ్నం మూడు దాకా ఆగేది కాదు. పొద్దున టీ, మిగిలిన రొట్టె అంచులు, అంతే. ఒకరోజు మెట్లు తుడుస్తూ కళ్ళు తిరిగి కూలబడింది. క్లినిక్‌లో నర్సు రక్తం తక్కువుందని చెప్పి మాత్రలు రాయించింది. ఆ సాయంత్రమే ఈయన ఒక ఫ్లాస్కు తెచ్చాడు. రాగిజావలో ఇక్కడ దొరికే లబన్ మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు.

"ఛీ, ఏంటండిది, అలికే మట్టిలాగుంది! మావైపు ఇలాంటివి తాగమండి మేము."

"మీవైపు మెట్ల మింద పడిపోతారు, మావైపు పడిపోం. తాగమ్మీ."

నెల తిరిగేసరికి ఆవిడే ఫ్లాస్కు కోసం గేటు దగ్గర నిలబడేది. కానీ తాగడం ఎప్పుడు? ఒక చేత్తో గ్లాసు, ఒక చేత్తో గుడ్డ. రెండు గుక్కల మధ్య ఒక కిటికీ తుడిచేది. మామా, అంటే ఇంటి యజమానురాలు, పిలిస్తే మిగతాది సింకులో పోసేది. ఈయనకి నచ్చనిది అదే. "గంగులమ్మ మూడుతూర్లు చెరిగి పంపితే, సింకు తాగుతాండాది."

ఇప్పుడు చెప్పబోయే చోట నేను లేను. మార్తమ్మ చెప్పింది, ఆయన చెప్పాడు. ఇద్దరివీ కలిపి నా వంతు నేను పెంచుతున్నాను.

ఒకరోజు వంటింట్లో మామా ఆ గ్లాసు చూసి, "షినూ హాదా?" అంది, ఇదేమిటని. లాక్కుని వాసన చూసింది. ఒక గుక్క తాగింది. ఇంకో గుక్క. గ్లాసు ఖాళీ. ఆవిడకీ షుగరు, ఆవిడ ఇద్దరు చెల్లెళ్ళకీ షుగరు. డ్రైవర్ని పిలిచి, ప్రతి నెలా పది కిలోలు కావాలి, ధర ఎంతైనా ఇస్తాను, మూడు విల్లాలకీ పంచుకుంటాం అంది.

ఏ మనిషైనా ఏం చేస్తాడు? అక్కడ తొమ్మిదిమంది ఆడవాళ్ళకి అచ్చంగా కొనే ఇల్లు దొరికింది. ఇక్కడ నా మంచం నేల మీదికి దిగే అవకాశం వచ్చింది. సరే మామా అనాలా వద్దా? ఆయన అనలేదు. ఇవ్వనన్నాడు. ఒక షరతు మీదైతే ఇస్తానన్నాడు. ఇరవై ఏళ్ళు కువైట్‌లో ఉన్నా ఆయనకి వచ్చిన అరబ్బీ ఇరవై మాటలు, అందులో పద్దెనిమిది రోడ్డు మలుపులు. అయినా కుర్చీని అరబ్బీలో కూడా కుర్సీ అనే అంటారు కాబట్టి బతికిపోయాడు. వంటింటి కుర్చీ ఒకటి లాగి మధ్యలో వేశాడు. మార్తమ్మని చూపించాడు. గోడ గడియారంలో పది చూపించాడు. పదిహేను వేళ్ళు చూపించాడు. "మార్తా. కుర్సీ. లాజిమ్." లాజిమ్ అంటే తప్పనిసరి.

పొద్దున పదింటికి, పావుగంట, మార్తమ్మ కూచుని ఆ గ్లాసు తాగాలి. ఆ పావుగంటలో ఎవరూ పిలవకూడదు. చెల్లెళ్ళ ఇళ్ళలో పనిచేసే అమ్మాయిలకీ అంతే.

"నేను గబగబా కుర్చీ పక్కకి లాగేయబోయేనండి," అంది మార్తమ్మ. "ఇద్దర్నీ ఆ సాయంత్రమే విమానం ఎక్కించేస్తారనుకున్నాను. అయ్యో అన్నయ్యా, ఊరుకోండి, నేను నిలబడే తాగుతాను అంటున్నానండి. వినరే!"

శుక్రవారం ఇది విని నేను గంతులేశాను. "నీకు బుద్ధుందా అన్నా? అమ్ముకునేవాడివి అమ్ముకోక కుర్చీల సంగతి నీకెందుకు? ఆవిడ కాదంటే ఆ తొమ్మిదిమందీ ఏమైపోవాలి?"

"పిండి లోపలికి పోయి, ఆ మార్తమ్మ బయటుంటే ఎట్లప్పా? ముద్దలో నాలుగో పాలు యాడ పోయింది?"

"నీ ముద్ద తగలెయ్య!"

 ఆ రోజు వంటింట్లో మామా మాత్రం నవ్విందట. సరే అంది. కానీ ఆవిడా వ్యాపారస్తుల ఇంటి ఆడపడుచే. తనూ ఒక షరతు పెట్టింది: పిండి ప్రతి నెలా రావాలి. ఒక్క నెల తప్పినా ఖలాస్. కుర్చీ ఎత్తేస్తా.

అలా మిష్రిఫ్‌లో మూడు వంటిళ్ళలో, పదింటికి, ముగ్గురు ఆడవాళ్ళు పావుగంట కూర్చోవడం మొదలెట్టారు. మా గదిలో మాత్రం ఎవరికీ కూర్చునే వీలు లేదు. ప్రతి నెలా ఎవరు ఊరెళ్తున్నారు, ఎవరు వస్తున్నారు, ఎవరి సూట్‌కేసులో ఎంత గాలి ఉంది, ఇదే గోల. మూడు కుర్చీలు మా సామాను మీద నిలబడ్డాయి.

ఒక చలికాలంలో వచ్చి పడింది, మోసేవాళ్ళు దొరకని నెల. అంతా ఎండాకాలంలోనే వెళ్ళొచ్చేశారు. ఊరెళ్ళేవాడిని నేనొక్కణ్ణే, మా మరదలి పెళ్ళికి. ఆయన నాకు అప్పజెప్పిన తీరు చూస్తే రాజ్యం అప్పజెబుతున్నాడనుకుంటారు.

"పదే పది కిలోలు. నువ్వు తిరిగి వచ్చే రోజు హైదరాబాదు ఎయిర్‌పోర్టు బయట మా బామ్మర్ది నిలబడింటాడు. పచ్చ సంచి. రాయచోటి నుండి రాత్రంతా బస్సులో వస్తాడు. మర్సిపోవద్దు ఇసకాయనా."

"మర్చిపోతే?"

"మూడు కుర్చీలప్పా," అన్నాడు, అంతే.

పెళ్ళయింది. మా అత్తగారు ఎనిమిది కిలోల ఆవకాయ కట్టి ఇచ్చింది. ఆవకాయా పిండీ రెండూ పట్టవు. ఎయిర్‌పోర్టు దగ్గర పచ్చసంచితో బామ్మర్ది నిలబడున్నాడు. నేను ఒక్క క్షణం ఆలోచించి, గుండె రాయి చేసుకుని, ఆవకాయ డబ్బా తీసి ఆయన చేతుల్లో పెట్టి, పచ్చసంచి అందుకున్నాను. చూసినవాళ్ళు కంటతడి పెట్టారు. కువైట్‌లో దిగాక కస్టమ్స్ ఆఫీసరు సంచి విప్పి, "షినూ హాదా?" అన్నాడు. ఫుడ్డన్నాను. నమ్మలేదు. ఇంకో ఆఫీసర్ని పిలిచాడు. వాళ్ళు ఇంకో ఇద్దర్ని. చిటికెడు నోట్లో వేసుకున్నాడు ఒకడు, మొహం చిట్లించాడు. నేను వెంటనే పక్కన కొట్లో లబన్ కొని, ఉప్పేసి, పిండి కలిపి ఇచ్చాను. పచ్చిపిండి అయినా తాగారు! వరసగా ఏడుగురు తాగారు. ఆఖరివాడు నాకు సెల్యూట్ చేసి పంపించాడు. పార్కింగులో ఈయన త్రాసుతో తయారుగా ఉన్నాడు. సంచి తగిలించి చూసి, "తొమ్మిది ముప్పావు. పావుకిలో యాడ పోయింది?" అన్నాడు. "సర్కారు తాగేసిందన్నా" అన్నాను. కుర్చీలు నిలబడ్డాయి.

ఎలా ఉంది? బాగుంది కదూ. ఖైతాన్‌లో నేను దీన్ని ఏడెనిమిది చోట్ల చెప్పాను. ఆయన ముందు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

ఇందాక నా నీతి సంగతి చెప్పాను, పెంచుతానే గానీ పుట్టించనని. అది అబద్ధం. ఆ పేరాలో బామ్మర్ది ఉన్నాడు, పచ్చసంచి ఉంది, ఆవకాయ ఉంది. మిగతాది నేను పుట్టించింది. ఆ రోజు రాత్రంతా బస్సులో వచ్చిన ఆ మనిషి ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గర అట్టముక్క మీద నా పేరు రాసి పట్టుకుని, వచ్చే ప్రతి మొహంలోకీ చూస్తున్నాడు. నేను టాక్సీ దిగి దూరం నుంచి చూశాను. ఆవకాయ తీసి పెట్టాలంటే మనసు రాలేదు. చిరాకేసింది. ఎప్పుడూ నేనేనా అనిపించింది. రెండో గుమ్మం లోంచి లోపలికి వెళ్ళిపోయాను.

కువైట్ పార్కింగులో ఆయన నిజంగానే ఉన్నాడు. త్రాసు చేతిలోనే ఉంది. "మీవాడు కనపడలేదన్నా" అన్నాను. ఆయన నా చేతుల వంక చూశాడు. "కలుసుకోల్యాకపోయినారంటలే" అన్నాడు. త్రాసు జేబులో పెట్టుకుని, నా సూట్‌కేసు తనే మోసి కారులో పెట్టాడు.

ఆ తర్వాత ఐదు శుక్రవారాలు ఆయన మా గదిలో ఖుబ్జు తిన్నాడు. అంతకుముందు ఆ రొట్టె కనబడితే అట్టముక్క అని అవతలికి నెట్టేసే మనిషి. నా ఆవకాయ నంచుకుని తిన్నాడు. బాగుందన్నాడు. "దారికొచ్చావన్నా, ఇన్నాళ్ళకి!" అని నేను వెక్కిరించాను. మంచం కింద ఖాళీగా ఉందని సంబరపడ్డాను. కుర్చీల సంగతి అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదు.

పోయిన నెల ఫోన్‌లో మార్తమ్మ చెప్పిన రెండో సంగతి ఇది.

"మీకు తెలీదేమోనండి. ఒకేడు చలికాలంలో ఒక నెల పిండి రాలేదు కదండీ. అప్పుడు ఆయన ముద్ద కోసం దాచుకున్న పెద్ద టిన్ను మొత్తం మామాకి ఇచ్చేసేరండి. ఎవరికీ చెప్పద్దన్నారు. ఆ నెల కూడా ఒక్కరోజు నిలబడి తాగలేదండి నేను."

మీరు నా రాతలు చదివేవాళ్ళే కాబట్టి మీకు అలవాటే. గోదాము, మబ్బు, మంచం, ఇవన్నీ సగానికి తగ్గించి చదువుకోండి. ఆ పది కిలోలు మాత్రం పూర్తిగా తీసేయండి.